నోటికట్టు

డాక్టర్ విశ్వనాథ్ గదిలో నోరు విప్పకూడని మనిషి రాగిణి ఒక్కతే. మూలన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ట్యాబ్లెట్ పెట్టుకుని వినాలి, చూడాలి, మార్కులు వేయాలి. అంతే. ఆమె ఒక్క మాట అన్నా అది రోగి మాటల్లో కలిసిపోయి కేసు నోట్‌లోకి ఎక్కుతుందనీ, పరీక్ష పాడవుతుందనీ శరత్ చంద్ర మొదటి రోజే గట్టిగా చెప్పాడు. పరీక్ష రోగికి కాదు. బల్ల మీద బీపీ యంత్రం పక్కన సబ్బు పెట్టెంత నల్ల డబ్బా ఒకటి ఉంది, దానికి. డాక్టరూ రోగీ మాట్లాడుకున్నదంతా ఆ డబ్బా వింటుంది. విని కేసు నోటు తానే రాసేస్తుంది. రోగి ఇల్లు చేరేలోపల అతని ఫోనుకి తెలుగులోనో ఒడియాలోనో జాగ్రత్తలు చెప్పి మెసేజి పంపుతుంది. గోడకు చెవులుంటాయని పెద్దవాళ్ళు ఊరికే అనేవారు. ఇప్పుడు బల్లకు నిజంగానే వచ్చాయి.

శరత్ చంద్ర ఆసుపత్రి యజమాని మేనల్లుడు. చదువుకున్నవాడు, చురుకైనవాడు, మాట తియ్యన. బరంపురంలో ఇలాంటిది పెట్టిన మొదటి ఆసుపత్రి మనదేనని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు. డబ్బాతో పాటు వచ్చిన తెలుగు గొంతు మాత్రం గంజాం జిల్లాలో ఎవరికీ పట్టలేదు. అది వార్తలు చదివినట్టు చదివేది. గోపాల్‌పూర్ నుంచి వచ్చే బెస్తవాళ్ళ ఆడవాళ్ళు ఫోను చెవి దగ్గర పెట్టుకుని విని, "ఎవరికో సెప్తందమ్మా, మనకి కాదు" అని పక్కన పడేసేవారు. అప్పుడు శరత్ చంద్రకి రాగిణి గుర్తొచ్చింది. రోగుల్ని పలకరించి, ధైర్యం చెప్పి, మందులు ఎలా వాడాలో విడమరిచే ఉద్యోగం ఆమెది. బెస్తపాలెంలో ఆమె తిరగని గుమ్మం లేదు. తలుపులు బిగించిన గదిలో కూర్చోబెట్టి ఆమె చేత గంటల తరబడి మాటలు చదివించారు. ఆ తరువాత డబ్బా రాగిణి గొంతుతో, రాగిణి యాసతో మాట్లాడటం మొదలుపెట్టింది. "పేరు కూడా అదే ఉంచుదాం మేడమ్, రాగిణమ్మ. నమ్మకం ఉంటుంది" అన్నాడు శరత్ చంద్ర. రాగిణి కాదనలేదు. కాదనకపోవడమేమిటి, ఇంటికెళ్ళి వాళ్ళమ్మ మాణిక్యాంబకి ఆ మెసేజి వినిపించి, గర్వంగా నవ్వింది కూడా.

రాసే బాధ తప్పితే డాక్టరు రోగి మొహం చూసి మాట్లాడతాడని ప్రారంభోత్సవం నాడు మైకులో చెప్పారు. రాసే బాధ తప్పింది. తప్పిందని తెలిసిన మర్నాటి నుంచి బయట బెంచీల మీద జనం రెట్టింపయ్యారు. ఇప్పుడు విశ్వనాథ్ ఎదుట ఒక రోగి మాట్లాడుతుంటే, ఆయన స్క్రీన్ మీద అంతకు ముందు వెళ్ళిన రోగి నోటు చదివి ఆమోదం నొక్కుతుంటాడు. మంచి డాక్టరే. చెయ్యి మంచిదని దూరాన ఉన్న పొలసర నుంచి కూడా వస్తారు. కానీ కళ్ళు రెండే కదా.

ఆ ఉదయం జగ్గన్న, గురువమ్మ వచ్చారు. రాగిణిని చూడగానే గురువమ్మ మొహం విప్పారింది. రాగిణి పెదవులు బిగించి తల ఊపింది. జగ్గన్న యాభై దాటని మనిషి, ఎండకి నల్లగా మాడిన భుజాలు, ఉతికిన చొక్కా. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది, అయినా అతని నుదురు తడిగా ఉంది. గురువమ్మ గోళ్ళలో పసుపు ఇంకా వదల్లేదు.

ఆ పసుపు చూడగానే రాగిణికి సంగతి అర్థమైంది. వేసవి వేట నిషేధం తీరిపోతోంది. మర్నాడు తెల్లారకముందే పడవలు సముద్రంలోకి దిగుతాయి. గంగమ్మకి మొక్కి పడవకి పసుపు పూశారంటే, అది మొదటి వేట నుంచి గట్టుకి తిరిగొచ్చేదాకా దాని మీద వెళ్ళే మగవాళ్ళ జబ్బు ఆ ఇంటి ఆడదాని నోట రాకూడదు. వస్తే ఆ జబ్బు పడవ ఎక్కి కూర్చుంటుందట. ఆ పాలెంలో దాన్ని నోటికట్టు అంటారు. ఇక మగవాళ్ళంటారా, వాళ్ళు ఏ కట్టూ లేకుండానే నొప్పి సంగతి చెప్పరు.

"ఏటయింది జగ్గన్నా?" అన్నాడు విశ్వనాథ్, కళ్ళు స్క్రీన్ మీదే ఉంచి.

"ఏటీ నేదు బాబూ. కడుపులో కూసింత మంట. ఇదే లాక్కొచ్చింది."

"ఎన్నాళ్ళబట్టి?"

"నిన్నా మొన్నా. ఎండలో వలలు బాగుసేసుకున్నాం గదా, ఏళకి తిండి నేదు."

"నువ్వు చెప్పమ్మా."

గురువమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "మీరు సూడండి బాబూ. మీరే సూడండి" అంది. అని మొగుడి కుడిచెయ్యి పట్టుకుని అతని గుండెల మధ్య ఆనించింది. తన అరచేత్తో ఆ చేతిని గట్టిగా అదిమింది. అక్కడి నుంచి మెల్లగా ఎడమ భుజం మీదికి జరిపి, మోచేతి మీదుగా, చిటికెన వేలిదాకా లాగింది. డాక్టరు వైపు చూసింది. ఆయన చూడటం లేదని తెలిసి మళ్ళీ మొదటి నుంచీ అలాగే చేసింది. ఈసారి గాజులు చప్పుడయ్యేలా, ఇంకా నెమ్మదిగా. జగ్గన్న సిగ్గుపడి చెయ్యి లాక్కున్నాడు.

"చూస్తాం గదమ్మా" అన్నాడు విశ్వనాథ్. వెనకటి రోగి నోటు ఆమోదించి అప్పుడు ఇటు తిరిగాడు. పొట్ట నొక్కి చూశాడు. బీపీ కొంచెం ఎక్కువగానే ఉంది, ఎండన పడి వచ్చారు కదా అన్నాడు. గ్యాసుకి మాత్రలు రాసి, పులుపూ కారం తగ్గించమన్నాడు.

రాగిణికి మాట నాలుక చివరికి వచ్చేసింది. 'డాక్టర్ గారూ, ఆవిడ చెయ్యి చూడండి.' అంతే, చిన్న మాట. డబ్బా మీద పచ్చ దీపం వెలుగుతోంది. వీళ్ళు లేచి వెళ్ళాక చెబుదామనుకుంది. వీళ్ళింకా లేవకముందే తరువాతి రోగి తలుపు తోసుకుని వచ్చేశాడు, పచ్చ దీపం ఆరనే లేదు. గుమ్మం దగ్గర గురువమ్మ వెనక్కి తిరిగి, "ఎల్లొత్తాం రాగిణమ్మా" అంది. రాగిణి దానికి కూడా తల ఊపి ఊరుకుంది.

ఓపీ అయ్యేసరికి విశ్వనాథ్‌ని అర్జెంటుగా వార్డుకి పిలిచారు. రాగిణి కాసేపు వరండాలో నిలబడింది. తరువాత, రేపు నోటు ఎలాగూ చూస్తాం కదా అని సర్దుకుని, గేట్ బజార్‌లో వాళ్ళమ్మకి కావలసిన సరుకులు కొనుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే జగ్గన్న నోటు తెరిచింది. కడుపులో మంట, వేళకి తిండి లేకపోవడం, అంతవరకూ సరే. దాని కింద వరసగా, ఛాతీనొప్పి లేదని రోగి చెప్పాడు, ఆయాసం లేదన్నాడు, ఎడమ చేతిలోకి పాకే నొప్పి లేదన్నాడు అని ఉంది. అందమైన ఇంగ్లీషు. తప్పు పట్టడానికి లేని వాక్యాలు. కింద విశ్వనాథ్ ఆమోదం కూడా ఉంది. రాగిణి రికార్డింగు పెట్టుకుని వింది. డాక్టరు అడగలేదు, రోగి చెప్పలేదు. గురువమ్మ గాజుల చప్పుడు రెండోసారి మాత్రం కొంచెం వినబడింది. ట్యాబ్లెట్ పట్టుకుని శరత్ చంద్ర గదికి నడిచింది.

అతను చదివి, కుర్చీ వెనక్కి వాల్చాడు. "ఏటంటే మేడమ్, డాక్టర్లు రాసిన నోట్లు లక్షల కొద్దీ చదివి నేర్చుకుంది ఇది. వాళ్ళందరూ చివర్లో ఈ లైన్లు రాస్తారు. అందుకే ఇదీ రాసింది."

"వాళ్ళు రోగిని అడిగి రాస్తారు కదండీ."

"అందరూ అడిగే రాస్తారంటారా?" అని నవ్వాడు. "మీరు మార్కు తగ్గించండి, కంపెనీ వాళ్ళకి పంపుదాం. పరీక్ష పెట్టిందే ఇందుకు" అన్నాడు.

జగ్గన్న ఫోనుకి ఏం వెళ్ళిందో కూడా తెరిచి వింది. "జగ్గన్నా, నేను రాగిణమ్మని. డాట్రుగారు సూసినారు. గుండెల్లో నొప్పి, ఆయాసం ఏటీ నేవు గనక నీకు బయం నేదు. ఇది గాసు. మాత్ర ఏసుకో, కారం తగ్గించు. నీ పనికి నువ్వు ఎల్లొచ్చు." ఎక్కడా తడబాటు లేదు. పక్కింటి అప్పగారు పెరటి గోడ మీద నుంచి చెప్పినట్టే ఉంది. తను ఎన్నడూ అనని మాటలు తన గొంతులో విని, రాగిణి మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకుని వింది.

విశ్వనాథ్ రెండో అంతస్తు వార్డులో ఉన్నాడు. రాగిణి ఆయన్ని పక్కకి పిలిచి చెప్పింది.

"చెయ్యి ఎక్కడిదాకా తెచ్చింది?"

రాగిణి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని భుజం మీదుగా చిటికెన వేలిదాకా లాగి చూపించింది. పక్క మంచం మీద దుప్పటి మారుస్తున్న ఆయా, "మీ ఒంటి మీద చూపించుకోకూడదమ్మా" అని ఒడియాలో గసిరింది.

"అప్పుడే చెప్పాల్సింది కదా రాగిణీ!"

"గదిలో మాట్లాడకూడదన్నారు సార్."

నేను తలెత్తి చూడాల్సింది అని ఆయన అనలేదు, మీరు చూడాల్సింది అని రాగిణీ అనలేదు. "ఫోన్ చెయ్యి. ఇప్పుడే రమ్మను. ఈసీజీ తీద్దాం. పడవ ఎక్కొద్దని చెప్పు" అన్నాడు.

జగ్గన్న ఫోను అందుబాటులో లేదని ఒడియాలో ఎవరో ఆడమనిషి చెబుతూ ఉంది. రాగిణి మళ్ళీ చేసింది. మెట్ల మీద నిలబడి చేసింది, మందుల కౌంటరు దగ్గర చేసింది, అన్నం కారియర్ మూత తీసి పక్కన పెట్టుకుని చేసింది. గురువమ్మకి వేరే ఫోను లేదు. ఇంటికి ఉన్నది ఆ ఒక్కటే, అది మగవాడితో పాటు పడవ ఎక్కింది. నీళ్ళ మీద కొంత దూరం పోతే సిగ్నల్ ఉండదని రాగిణికి తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తనను తాను తిట్టుకుంటూ, ఓపీలో ఎవరు ఏం చెబుతున్నారో వినకుండానే మార్కులు వేసింది.

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. రాగిణి వరండాలోకి పరుగెత్తింది.

"జగ్గన్నా!"

"జగ్గన్న కాదు. అన్నని, పైడన్నని. ఎవులు?"

"నేను ఆసుపత్రి రాగిణిని. జగ్గన్నకి ఇవ్వండి. వెంటనే బరంపురం తీసుకురండి, డాక్టరుగారు..."

అవతల గాలి హోరు, ఎవరో అరుస్తున్న కేకలు. పైడన్న గొంతు మాత్రం నెమ్మదిగా ఉంది. "వల లాగతా లాగతా కూకుండిపోనాడమ్మా. నీళ్ళు తాగించినాం. నోట్లోంచి కారిపోనాయి. ఇప్పుడే గట్టుకి తెచ్చినాం. ఇంక డాట్రేటి సేత్తాడు?"

రాగిణి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని గోడకి ఆనుకుంది. ఆమెకి ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆ భయం తన గురించేనని తెలిసి, సిగ్గేసింది.

రెండు రోజులు ఆసుపత్రిలో ఎవరూ పైకి ఏమీ అనలేదు. డబ్బా ఎప్పటిలాగే విన్నది, రాసింది. జగ్గన్న ఫోనుకి మాత్ర వేసుకున్నావా అని అడుగుతూ వెళ్ళాల్సిన మెసేజిని రాగిణే వెతికి ఆపించింది. మూడోనాడు శరత్ చంద్ర ఆమెనీ విశ్వనాథ్‌నీ తన గదికి పిలిచి తలుపు వేశాడు. పాలెం మనుషులు పదిమంది కలిసి ఆసుపత్రి మీదికి వస్తారేమోనని ఎవరో అతని చెవిన వేశారు.

"నేను రికార్డింగు మొత్తం విన్నాను. గుండెనొప్పి అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆయన చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. చెప్పనిది మనకెలా తెలుస్తుంది? ఆ ముక్క ఆవిడ నోటితోనే చెబితే మనకి చాలు. మేడమ్ వెళ్ళి పలకరించి, ఫోనులో రికార్డు చేసుకొస్తారు."

"వాళ్ళు అనని మాటలు మూడు నోట్‌లో రాసింది కదండీ" అంది రాగిణి.

"లేవన్నదే కదా రాసింది? వాళ్ళూ ఉన్నాయనలేదు. నేనేమీ అబద్ధం చెప్పించమనడం లేదు మేడమ్. ఆవిడ చెప్పలేదన్నది నిజమా కాదా?"

రాగిణి విశ్వనాథ్ వైపు చూసింది. ఆయన మెడలోని స్టెతస్కోపు గొట్టాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు.

"నిజమే" అంది రాగిణి.

"మరింకేం. వచ్చే నెల నుంచి అన్ని గదుల్లోనూ పెడుతున్నాం. తెలుగు మెసేజీలన్నీ మీ చేతిలోనే ఉంటాయి. మీ మీద నమ్మకంతోనే కదా జనం వింటున్నది." ఆ మాట అతను మెప్పుకోలుగానే అన్నాడు.

బయటికి వచ్చాక విశ్వనాథ్ మెట్ల దగ్గర ఆగాడు. "ఇన్నేళ్ళూ ప్రతివాణ్ణీ అడిగిన ప్రశ్న అది. గుండెల్లో ఎలా ఉందని. ఆ ఒక్కడినే అడగలేదు" అన్నాడు. అది లోపల అనాల్సిన మాట. ఆయనకీ తెలుసు. కిందికి దిగిపోయాడు.

గోపాల్‌పూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో రాగిణి మనసులో వరస పెట్టుకుంది. దారంతా మొగలి పొదలు. బస్సు దిగి ఆటో ఎక్కింది. హోటళ్ళు దాటగానే ఇసుక బాటలో ఎండుచేపల వాసన మొదలైంది. పాలెం మొదట్లో జగ్గన్న పడవ ఒడ్డుకి బాగా పైకి లాగి ఉంది. మిగతా పడవలన్నీ వేటకి వెళ్ళిపోయాయి. ఆటోని ఉండమని చెప్పి సందులోకి నడిచింది.

చావు ఇంట్లో పెళ్ళాం లోపల ఉండాలి, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు ఉండాలి. గురువమ్మ బయట చూరు కింద ఒంటరిగా కూర్చుని ఉంది. ఆడవాళ్ళంతా ఎదురింటి అరుగు మీద, ఆమెకి దూరంగా. అత్తగారు గుమ్మంలో గోడకి తల ఆనించుకుని ఉంది. గురువమ్మ లేచి ముంతతో నీళ్ళు తెచ్చి ముందు పెడితే, ముసలిది ఆ ముంత వైపు చూడలేదు.

"ఏం జరిగింది పైడన్నా?" అంది రాగిణి, సందు మొగలో నిలబడిన మనిషితో. ఫోనులో విన్న గొంతు అతనిదే.

"జరగడానికేటుందమ్మా. పసుపు పూసిన పడవ. ఇది ఆడికి జబ్బని ఊరు దాటించి ఆసుపత్రికి లాక్కెల్లింది. నోరిప్పకండా డాట్రు మందిత్తాడా? ఏటి వాగిందో, ఆ గంగమ్మకే ఎరిక. మా తమ్ముడు పోనాడు. రేపు ఆ పడవ ఎవుడెక్కుతాడు?"

ఆసుపత్రిలో ఆమె చెప్పలేదని నేరం. ఇక్కడ చెప్పిందని నేరం. రాగిణి వరస పెట్టుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి.

గురువమ్మ ఆమెని చూసింది. చూసి ఒక్క ఉదుటున లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అదిగో, రాగిణమ్మ ఒచ్చింది. ఆ గదిలో ఉన్నాది ఈయమ్మ. అడగండి. నన్ను నమ్మకపోతే ఈయమ్మని అడగండి. సెప్పమ్మా, నాను నోరిప్పినానా?"

అరుగు మీది ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ముసలిది గోడ మీద నుంచి తల ఎత్తింది.

"లేదు" అంది రాగిణి. "నొప్పని గానీ జబ్బని గానీ ఒక్క మాట అనలేదు. నేను అక్కడే ఉన్నాను."

"మన ఎంకన్న సామి మీద ఒట్టేనా?" అంది ముసలిది.

"ఒట్టు."

పైడన్న కాసేపు కాలి బొటనవేలితో ఇసుక గీరాడు. "అయితే దాని నోటనే అనిపించి ఆ ఫోన్లో పట్టమ్మా. ఏటకెల్లినోళ్ళు ఒచ్చినాక అందరికీ ఇనిపిత్తాం. ఇంటేగానీ ఈది నమ్మదు" అన్నాడు.

శరత్ చంద్ర కోరుకున్నదీ అదే. అడగకుండానే, బతిమాలకుండానే దొరికింది. రాగిణి ఫోను తీసి రికార్డు నొక్కింది. గురువమ్మ కొంగు సర్దుకుని, దండం పెట్టి, పాలెమంతా వినేలా చెప్పింది: "గంగమ్మ తల్లి సాచ్చిగా సెప్తన్నాను. మా ఆయన నొప్పి సంగతి నాను డాట్రుతో సెప్పనేదు. ఒక్క మాట అన్నేదు."

ముసలిది ముంత ఎత్తి నీళ్ళు తాగింది. గురువమ్మ రాగిణిని లాక్కెళ్ళి చూరు కింద తనతో కూర్చోబెట్టుకుంది. ఎదురింటి అరుగు మీద నుంచి ఒకామె వచ్చి గురువమ్మ పక్కన కూర్చుంది. ఇంకొకామె ఆమె విరబోసుకున్న జుట్టు చిక్కు తీసి ముడి వేయసాగింది. అప్పటిదాకా బిగపట్టుకున్న గురువమ్మ భోరున ఏడ్చింది. ఇక్కడి పని అయింది. బరంపురంలో పని కూడా అయింది. ఇక లేచి, ఆటో ఎక్కి వెళ్ళిపోవడమే మిగిలింది. రాగిణి లేవబోయింది.

"నీ మేలు మర్సిపోనమ్మా" అంది గురువమ్మ, ముక్కు చీదుకుంటూ. "నాను ఆ రాత్రి కాళ్ళట్టుకున్నాను, ఎల్లొద్దు, ఎల్లొద్దని. ఎందుకో సెప్పడానికి నోరు రాదు గదా. ఆయన ఫోను తీసి నీ మాట ఇనిపించినాడు. ఇన్నావా, రాగిణమ్మే సెప్తంది, గుండెకేటీ నేదంట అన్నాడు. నువ్వే సెప్పినాక ఇంక నానేటంటాను? ఊరుకున్నాను. సద్ది మూట కట్టి ఇచ్చినాను."

"అది నేను కాదు గురువమ్మా."

"నీ గొంతే గదా. నీ పేరే సెప్పింది."

"గొంతు నాదే. మాటలు నావి కావు. మెషిన్ ఉంది, అదే తయారు చేసి పంపుతుంది."

గురువమ్మ అర్థం కానట్టు చూసింది. తల ఊపింది, పెద్దవాళ్ళు ఏదైనా అంటే పోనీ అని ఊపినట్టు. "ఎవులు సెప్తే ఏటమ్మా. మీకేటి తెలుసు పాపం. నాను సెప్పనేదు, మీకు తెలీనేదు. నా రాత" అంది.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. రాగిణి కూడా ఊరుకుందామనే అనుకుంది. ఆ 'పాపం' అన్న మాట దగ్గర ఆమె నిబ్బరం కరిగిపోయింది. తనని జాలిపడి వదిలేస్తున్నది ఎవరో చూస్తూ, ఆమె ఇక ఆపుకోలేకపోయింది.

"నాకు తెలుసు" అంది. "నువ్వు చెయ్యి పెట్టి చూపించావు. గుండె మీద నుంచి చిటికెన వేలిదాకా. రెండుసార్లు చూపించావు. డాక్టరు చూడలేదు. నేను చూశాను."

జుట్టు ముడి వేస్తున్నామె చెయ్యి తీసేసింది.

"సూసినావా?"

"చూశాను."

"దానర్దం నీకు తెలిసిందా?"

"అప్పుడే తెలిసింది."

గురువమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "నాకంటే నోటికట్టున్నాది. అందుకే సేత్తో సెప్పినాను. నీకేటమ్మా అడ్డమొచ్చింది?"

గదిలో మాట్లాడకూడదన్నారు, పరీక్ష పాడవుతుందన్నారు. జవాబు రాగిణి దగ్గర సిద్ధంగానే ఉంది. డాక్టరుకి చెప్పినప్పుడు సునాయాసంగా నోట వచ్చింది. ఇక్కడ, ఈ మనిషి ముందు, అది రాలేదు.

"ఇంక నువ్వు ఎల్లు అమ్మా" అన్నాడు పైడన్న పక్కకి తిరిగి. "ఆటోవోడు కేకేస్తన్నాడు."

ఒళ్ళో ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆపడం మరిచిపోయింది. గురువమ్మ ఒట్టు, ఆ తరువాత ఇక్కడ అనుకున్న ప్రతి మాటా అందులో ఉన్నాయి. మొదటి ముక్క ఉంచి తక్కినది కోసేయడం ఆమెకి బాగా వచ్చు, పరీక్ష రికార్డింగులతో రోజూ చేసే పనే.

రాగిణి ఫోనుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఏటీ అడ్డం రాలేదు గురువమ్మా" అంది. "నేనే నోరు మూసుకున్నాను."

అప్పుడు ఆపి, కోయకుండా మొత్తం శరత్ చంద్రకి పంపింది. విశ్వనాథ్‌కి కూడా పంపింది. తలెత్తి చూసేసరికి గురువమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఆమె వెనకాలే గుమ్మం దాటుతున్నారు. వెళ్ళమనిగానీ ఉండమనిగానీ రాగిణితో ఎవరూ అనలేదు.